పేజీకి రెండు తప్పులు

ఐదు నెలల పాటు మా అమ్మాయి హోంవర్క్ నేను ఎడమచేత్తో రాశాను. కుడిచేత్తో రాస్తే నా అక్షరాలు కుదురుగా వచ్చేస్తాయి, రెండో తరగతి పిల్ల రాసినట్టుండవు. ఎడమచేత్తో అయితే గీత కాస్త వణుకుతుంది, లైను మీంచి జారుతుంది, చూసినవాళ్ళకి పాపం కష్టపడి రాసింది అనిపిస్తుంది. సాయంత్రం షాపు నుంచి రాగానే పొయ్యి మీద కూర పడేసి, అది ఉడికే ఇరవై నిమిషాల్లో వంటింటి గట్టు దగ్గరే నిలబడి రాసేసేదాన్ని. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో పెన్సిలు. పేజీకి రెండు తప్పులు పెట్టేదాన్ని. ఒకచోట దీర్ఘం మింగేసేదాన్ని, ఇంకోచోట ఒక మాట రెండుసార్లు రాసి రెండోదాన్ని రబ్బరుతో సగం చెరిపేదాన్ని. ఆ సగం చెరపడం నా సొంత తెలివి. పిల్లలు ఏదీ పూర్తిగా చెరపరు.

గొప్పకి చెప్పడం లేదు. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. కానీ చెప్పేటప్పుడు అన్నీ చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను: ఆ పని నాకు బాగా వచ్చు అని లోపల్లోపల మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

మా అమ్మాయికి ఏడేళ్ళు. వాళ్ళ నాన్న దాన్ని గిలక్కాయ అని పిలుస్తారు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు నిద్రలోకి జారేదాకా దాని నోరు మూతపడేది కాదు. లెక్కలు నోటితో చెప్పేస్తుంది, ఒకసారి విన్న కథ మాట పొల్లుపోకుండా తిరిగి అప్పజెబుతుంది. రాయమంటేనే వస్తుంది చిక్కు. అక్షరానికి కుడివైపు ఉండాల్సిన పొట్ట ఎడమవైపుకి వచ్చేది. బి రాయమంటే డి అయ్యేది. మూడు అంకె అలిగి గోడకేసి తిరిగిపోయిన మనిషిలా ఉండేది. ఒకటో తరగతిలో అందరు పిల్లలూ అలాగే రాస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండో తరగతికొచ్చేసరికి మిగతా పిల్లల అక్షరాలు ఒక్కొక్కటే దారిలో పడ్డాయి, దీనివి పడలేదు. డైరీలో ఎర్ర సిరా మొదలైంది. "ఇంట్లో తల్లి శ్రద్ధ పెట్టాలి" అని రాసేవారు. తల్లి అనే రాసేవారు. తండ్రి పెట్టాల్సిన శ్రద్ధ గురించి ఆ డైరీలో ఏ రోజూ ఏమీ లేదు.

మావారు మంచివారే, అందరూ అలాగే అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీలో పని, నలుగురితో నవ్వుతూ మాట్లాడే మనిషి. "ఆడవాళ్ళు ఆపరేషన్లు చేసేస్తున్నారు, ఒక్క పిల్లకి నాలుగక్షరాలు నేర్పలేవటోయ్?" అనేవారు, నవ్వుతూనే. నవ్వుతూ అన్నమాటకి కోపం తెచ్చుకుంటే మనదే తప్పవుతుంది, అందుకని నేనూ నవ్వేదాన్ని. మా అత్తయ్య ముప్పైయేళ్ళు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ నవ్వేవారు కాదు. "మా ఇంట్లో అందరివీ ముత్యాల్లాంటి అక్షరాలు. ఇది ఎవరి పోలికో మరి" అనేవారు, ఆ 'ఎవరి' దగ్గర కాస్త ఆగి. ఇంకో రోజు "మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మా" అనేవారు. వంచడం నా పని అన్నమాట.

వంచాను. ఒక్కో అక్షరం వందసార్లు రాయించాను. సరిగ్గా ముప్పై రాశాక ముప్పై ఒకటోది తిరగబడేది. కావాలనే చేస్తోందనుకునేదాన్ని. ఒకరోజు షాపులో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి, ఇంటికి రాగానే అత్తయ్య డైరీ నా చేతిలో పెట్టారు, నేను స్కేలు తీసుకుని దాని వేళ్ళ మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. అది ఏడవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్ళు నోట్లో పెట్టుకుని, నోట్‌బుక్ వైపు చూసింది. "అమ్మా, నాకు అది సరిగ్గానే కనిపిస్తోంది" అంది. ఆ మాట అప్పుడు వినిపించలేదు. వినిపించినా, ఎదురు చెబుతోందనుకున్నాను. ఇంకో రెండు దెబ్బలు వేశాను. నా చిన్నప్పుడు నన్నెవరూ అలా కొట్టలేదు.

మొదటిసారి రాసింది దానికి జ్వరం వచ్చిన రోజు. స్కూలుకి నోట్‌బుక్ ఇవ్వాలి, పిల్ల మంచంలో ఉంది, ఈ ఒక్కసారికే కదా అని రాసి పంపాను. నోట్‌బుక్ తిరిగొచ్చేసరికి పేజీ చివర నక్షత్రం. మావారు దాన్ని చూసి, "చూశావా, కాస్త కూర్చోబెడితే వస్తుంది మరి!" అన్నారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని పేజీ అటూ ఇటూ తిప్పి చూసి "ఊఁ" అన్నారు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన పన్నెండేళ్ళలో నేను చేసిన పనికి ఆవిడ దగ్గర్నుంచి వచ్చిన మెచ్చుకోలు అదే పెద్దది. ఆ నక్షత్రం పిల్లకి వేసింది కాదు, నాకు వేసింది. ముప్పై ఏడేళ్ళ మనిషిని, కాగితం నక్షత్రం చూసుకుని ఆ రోజంతా తేలికగా తిరిగాను. ఇక ఆగలేదు. మర్నాడూ రాశాను, ఆ మర్నాడూ రాశాను.

గిలక్కాయకి ఒకటే చెప్పాను. "ఎవరైనా అడిగితే నేనే రాశాను అను."

"అబద్ధం కదమ్మా?"

"అబద్ధం కాదు. మనిద్దరి రహస్యం."

రహస్యం అనేసరికి దాని కళ్ళు మెరిశాయి. అమ్మతో రహస్యం పంచుకోవడం ఏ పిల్లకి ఇష్టముండదు? దాని ఇష్టాన్ని కూడా వాడుకున్నాను.

నేను పని చేసేది రబ్బరు స్టాంపులు తయారు చేసే షాపులో. ఆఫీసు స్టాంపులు, డాక్టర్ల స్టాంపులు, కాలేజీల గుండ్రటి సీళ్ళు. కంప్యూటర్లో అక్షరాలు కూర్చి ఫిల్మ్ తీస్తాం, ఆ ఫిల్మ్‌ని గాజు మీద పెట్టి పైన రబ్బరు పాకం పోసి, లైటు పెట్టెలో ఉంచితే అక్షరాలు ఉబ్బి వస్తాయి. తిరగబడి వస్తాయి. రబ్బరు మీద తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. కాగితం మీద వేసి చూడకుండానే ఆ తిరగబడ్డ అక్షరాలని గడగడా చదివి, ఎక్కడ తప్పుందో చెప్పడం నా ఉద్యోగం. అంత వేగంగా చదివేవాళ్ళు షాపులో ఇంకెవరూ లేరు. అందుకే మా ఓనరు నన్ను అద్దమ్మ అంటాడు. "అద్దమ్మా, ఈ కంపెనీ స్టాంపు ఒకసారి చూడు" అని కేకేస్తాడు. పగలంతా తిరగబడ్డ అక్షరాలతో జీతం తెచ్చుకునేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి తిరగబడ్డ అక్షరాలు రాసిందని పిల్ల వేళ్ళు వాచేలా కొట్టేదాన్ని. ఈ రెండూ ఒకే మనిషి చేస్తున్న పనులని నాకు చాలాకాలం తోచనే లేదు. తోచేంత తీరిక కూడా లేదేమో. అదొక సాకు.

నాలుగో నెలలో అనుకుంటాను, షాపులో ఒక పొరపాటు జరిగింది. ఒక కాలేజీకి పన్నెండు స్టాంపులు. ఫిల్మ్ చేతిలోకి తీసుకోగానే 'తిరగబడ్డాయి!' అనిపించింది. హోంవర్క్ నేను రాసేస్తున్నా దానిచేత విడిగా రాయించడం మానలేదు, ముందురోజు పొద్దుపోయేదాకా పిల్లని కూర్చోబెట్టి ఒకే అక్షరం మీద అరిచి ఉన్నాను, ఆ అరుపు చెవుల్లోనే ఉంది. చటుక్కున ఫిల్మ్ తిప్పి పెట్టేశాను. పన్నెండు రబ్బర్ల మీదా అక్షరాలు చక్కగా, సరిగ్గా, ఎవరైనా చదువుకునేలా వచ్చాయి. కాగితం మీద మాత్రం తిరగబడి పడ్డాయి. మా వృత్తిలో మొదటి వారం కుర్రవాళ్ళు కూడా చెయ్యని తప్పు. ఓనరు ఆ కాగితాన్ని కౌంటరు అద్దానికి అంటించి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. "మా అద్దమ్మ అద్దం పగిలిందండోయ్!" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే నేనే గట్టిగా నవ్వాను. తర్వాత భోజనం మానేసి వెనకగదిలో కూర్చుని పన్నెండూ మళ్ళీ చేశాను. ఆ కాగితం అక్కడ రెండు వారాలుంది. తియ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒక శుక్రవారం స్కూలు నుంచి ఫోనొచ్చింది, తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలని. మావారు సగం రోజు సెలవు పెట్టారు. నేనూ పెట్టాను, కానీ దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. బండి మీద వెళ్తూ "ఏం కొంప ముంచిందో నీ కూతురు" అన్నారు. నక్షత్రాలొచ్చిన రోజున ఆయన కూతురు.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. క్లాసు టీచరు చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. ఆవిడ బల్ల మీద రెండు పెట్టింది. ఒకపక్క నేను రాసిన నోట్‌బుక్. ఇంకోపక్క గిలక్కాయ క్లాసులో కూర్చుని రాసిన పరీక్ష కాగితాలు. గిలక్కాయ గోడ పక్కన నిలబడి ఉంది, బూటు కొనతో నేల మీద ఏదో గీస్తూ.

"ఈ రెండూ ఒకే చెయ్యి కాదండీ" అంది టీచరు. "నేను ముందు అక్షరాల తీరు చూడలేదు, తప్పులు చూశాను. ఇంటి దగ్గర రాసినదాంట్లో తప్పులన్నీ వేరే రకం. దీర్ఘాలు పోవడం, మాటలు రెండుసార్లు రావడం. ఒక్కటంటే ఒక్క అక్షరం తిరగబడలేదు. క్లాసులో రాసినదాంట్లో ఒక్క దీర్ఘం కూడా పోలేదు. తప్పులన్నీ తిరగబడినవే. ఒక పిల్ల రెండు చోట్ల రెండు రకాల తప్పులు ఎలా చేస్తుందండీ?"

నా తెలివి అక్కడ అలా బయటపడింది. పట్టుబడకుండా పెట్టుకున్న తప్పులే పట్టించాయి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"మా ఇంట్లో అలాంటివి చేసేవాళ్ళెవరూ లేరండీ" అన్నారు మావారు. "మా అమ్మ ముప్పైయేళ్ళు టీచరు. మావిడ రోజూ దగ్గర కూర్చుని రాయిస్తుంది." నా వైపు చూశారు. ఎంత నమ్మకంతో చూశారంటే, నేను తల ఊపాను. ఊపానా? ఊపాను. చెప్పేటప్పుడు అన్నీ చెప్పాలి అనుకున్నాను కదా.

హెడ్‌మిస్ట్రెస్ పిల్లని దగ్గరికి పిలిచింది. "ఎవరు రాశారో చెప్పమ్మా, ఎవరూ ఏమీ అనరు."

గిలక్కాయ ముందు నన్ను చూసింది. ఒక్క క్షణమే. తర్వాత ఆవిడకేసి తిరిగి "నేనే రాశాను" అంది.

"అయితే ఇక్కడ ఇది రాయి చూద్దాం" అని కాగితం ఇచ్చారు. రాసింది. మేమందరం చూస్తుండగా రాసింది. నాలుగు మాటల్లో మూడు అక్షరాలు తిరగబడ్డాయి. "ఇప్పుడు చెప్పు, ఆ నోట్‌బుక్ ఎవరు రాశారు?" "నేనే." మూడోసారి కూడా "నేనే." మాట మార్చలేదు. మావారు కుర్చీలోంచి లేచి "అబద్ధాలు ఎక్కడ నేర్చావే నువ్వు?" అని అరిచారు. ఆయన దానితో 'గిలక్కాయ' అనకుండా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. నేను నా చేతిసంచి పట్టుకుని కూర్చున్నాను. ఒక్కమాట చాలు. 'నేను రాశాను' అని రెండే మాటలు. నా నోట్లోంచి రాలేదు. నా పరువు కంటే ఏడేళ్ళ పిల్ల పరువు చవకగా కనిపించినట్టుంది నాకు.

అప్పుడు ఆ చిన్న టీచరు అంది, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు అంది: "తప్పు నాది కూడా ఉందండీ. ఇలా అక్షరాలు తిప్పి రాయడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. కొందరికి ఎక్కువకాలం ఉంటుంది, తెలివికీ దానికీ సంబంధం లేదు. ముందే తెలిస్తే దాని దారిలో నేర్పొచ్చు, వస్తుంది. కానీ ఇంట్లో అంత బాగా రాసి, క్లాసులో ఇలా రాస్తోందంటే బద్ధకమనుకున్నాను. రోజూ డిక్టేషన్ అయిపోయేదాకా నిలబెట్టాను. 'ఇంట్లో వచ్చింది ఇక్కడెందుకు రాదు' అని అందరి ముందూ అడిగాను. ఐదు నెలలు నిలబెట్టానండీ."

ఐదు నెలలు. రోజూ సాయంత్రం నేను ఒక పేజీ చక్కగా రాసి పంపాను, రోజూ పొద్దున ఆ పేజీ కారణంగా నా కూతురు క్లాసులో నిలబడింది. ఇంటికొచ్చి ఏనాడూ చెప్పలేదు. దాని వాగుడు తగ్గిందని గమనించాను, పెద్దదవుతోంది అనుకున్నాను. చెబితే మా రహస్యం బయటపడుతుందని అనుకుందో, నాకు కోపమొస్తుందని అనుకుందో. అడిగే మొహం నాకు లేదు.

చివరికి హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది. ఎవరు రాశారో తేలేదాకా సోమవారం నుంచి పిల్ల ఒకటో తరగతిలో కూర్చోవాలి. అబద్ధం చెప్పినందుకు క్షమించమని తన చేత్తో ఉత్తరం రాసి, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో తేవాలి. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద మా ఇద్దరి మధ్యా కూర్చుంది. దారంతా నా గడ్డం దాని తలకి తగులుతూనే ఉంది.

మావారు మమ్మల్ని దింపేసి ఆఫీసుకి వెళ్ళిపోయారు. నేను మొహం కడుక్కుని వెనక వరండాలో ఆరిన బట్టలు తీస్తుంటే అత్తయ్య వచ్చారు. ఫోన్లో కొడుకు అంతా చెప్పేసినట్టున్నాడు. తీగ మీద తువ్వాలు తీసి మడతపెడుతూ, నా వైపు చూడకుండా "ఎడమచేత్తో రాశావు కదూ?" అన్నారు.

నా చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి.

"మొదటి ఆదివారమే తెలిసింది నాకు. ముప్పైయేళ్ళు పిల్లల నోట్‌బుక్‌లు దిద్దినదాన్ని."

"మరి అడగలేదేం అత్తయ్యా?"

"అడిగి ఏం చేసేది? బాగానే నడుస్తోంది కదా అని ఊరుకున్నా." ఇంకో తువ్వాలు తీశారు. "వాడికి నేనూ రాశాను. నాలుగో తరగతి దాకా."

ఎవరికి అని అడగబోయి ఆగాను. ఆవిడకి ఒక్కడే కొడుకు.

"వాడివీ ఇలాగే తిరగబడేవి. టీచరు కొడుక్కి అక్షరాలు రావంటే స్కూల్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? మీ మామయ్య సంగతి నీకు తెలీదు. రిపోర్టు వచ్చిన రోజున వాణ్ణి కాదు, నన్ను కొట్టేవారు. 'ఊళ్ళో పిల్లలకి చెప్తావు, ఇంట్లో వాడికి చెప్పలేవా' అని. అందుకని రాశాను. తర్వాత వాడికి ఎలాగోలా వచ్చాయనుకో. ఇప్పటికీ చదవడం నెమ్మదే. వేలు పెట్టుకుంటే గానీ లైను నిలవదు."

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. పన్నెండేళ్ళు నా కళ్ళముందు జరిగినవన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆయన తెచ్చే ఇన్సూరెన్స్ ఫారాలన్నీ ఆదివారాలు కూర్చుని నేనే నింపుతాను, "నీ చేతిరాత బాగుంటుందోయ్" అంటారు. హోటల్లో మెనూ కాగితం నా చేతికిచ్చి "నువ్వే చెప్పు, నీ ఇష్టం" అంటారు. స్నేహితులకి ఒక్క మెసేజ్ రాయరు, మాట్లాడి పంపిస్తారు. సంతకం కావాలంటే "ఎక్కడ పెట్టాలి?" అని అడుగుతారు గానీ, ఏముందని చూడరు. బద్ధకం అనుకున్నాను, కొన్నిసార్లు ప్రేమ అనుకున్నాను. పెళ్ళికి ముందు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అత్తయ్య వంట వచ్చా అని అడగలేదు, ఒక కాగితం ఇచ్చి అర పేజీ రాయమన్నారు. చదువుకున్న అత్తగారు దొరికిందని మా అమ్మ ఎంత పొంగిపోయిందో. ఆవిడ వెతుక్కున్నది కోడల్ని కాదు, కొడుక్కి గుమాస్తాని.

"ఎవరి పోలికో అన్నారు కదా అత్తయ్యా, ఇన్నాళ్ళూ" అన్నాను.

ఆవిడ మొహం నల్లబడింది. ఆవిడని అంత చిన్నగా చూడటం నాకు కొత్త. "అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "వాడి దగ్గర ఈ మాట ఎత్తకమ్మా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నువ్వు రాశావనీ చెప్పకు. టీచరింటి కోడలు దొంగరాతలు రాసిందంటే బాగుంటుందా? చిన్నపిల్ల, నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది" అన్నారు.

"ఆయన మర్చిపోయారా?"

ఆవిడ మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టారు. ఆవిడ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం వెనకే సిగ్గు వచ్చింది. ఆవిడ దెబ్బలకి భయపడి రాసింది. నేను నక్షత్రం కోసం రాశాను.

లోపలికి వెళ్ళేసరికి గిలక్కాయ భోజనాల బల్ల దగ్గర కూర్చుని క్షమాపణ ఉత్తరం రాస్తోంది. నాలుక బయటపెట్టి, ముక్కు కాగితానికి ఆనించి రాస్తోంది. సగం పేజీ అయింది. రబ్బరుతో చెరిపి చెరిపి ఒకచోట కాగితం చిరిగింది. నేను అలవాటుగా పక్కన కూర్చుని, అలవాటుగా పెన్సిలు కోసం చెయ్యి చాచాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నా చెయ్యి అలా చాచుకుంది.

అది రెండు చేతులూ కాగితం మీద కప్పేసింది. "వద్దమ్మా, నువ్వు ముట్టుకోకు. నీ రాత టీచర్‌కి తెలిసిపోయింది" అంది గుసగుసగా. గుమ్మం వైపు చూసి, నానమ్మ లేదని చూసుకుని, "ఈసారి నిన్ను నిలబెడతారు" అంది.

నన్ను నిలబెడతారట. ఐదు నెలలు నిలబడ్డ పిల్ల, నిలబడటం ఎలా ఉంటుందో తెలిసిన పిల్ల, నాకది రాకూడదని కాపలా కాస్తోంది. దాన్ని దగ్గరికి తీసుకోబోయాను, కాగితం నలిగిపోతుందని నన్ను తోసేసింది.

లేచి వెళ్ళి ఒక తెల్లకాగితం తెచ్చుకున్నాను. దాని ఎదురుగా కూర్చుని, కుడిచేత్తో, నా అసలు రాతతో రాశాను. ఎక్కువ రాయలేదు. "హెడ్‌మిస్ట్రెస్ గారికి. మా అమ్మాయి నోట్‌బుక్ ఐదు నెలలుగా రాసింది నేను, దాని తల్లిని. అబద్ధం చెప్పమని దానికి నేర్పిందీ నేనే. ఈ రోజు మీ గదిలో అన్నీ వింటూ నోరు మెదపకుండా కూర్చున్నదీ నేనే. సోమవారం ఎవరినైనా నిలబెట్టాలంటే నన్ను నిలబెట్టండి. టీచర్‌గారు చెప్పినట్టు దాని దారిలో దానికి నేర్పించండి, ఇంట్లో ఏం చెయ్యాలో మా ఇద్దరికీ చెప్పండి. మా ఇద్దరికీ అంటే దాని తండ్రికి కూడా." కింద నా సంతకం పెట్టాను. పక్కన ఇంకో సంతకానికి చోటు వదిలాను.

"నాకు చదివి వినిపించు" అంది గిలక్కాయ. వినిపించాను. తర్వాత "అయితే నేను రాసింది ఏం చెయ్యను?" అంది. "నీకు చెప్పాల్సిన తప్పేమీ లేదు, అవతల పడేద్దాం" అన్నాను. "సగం రాసేశాను కదా, ఎంత కష్టపడ్డానో తెలుసా" అని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

మావారు ఆరింటికి వచ్చారు. బూట్లు విప్పుతూనే "ఉత్తరం అయిందా?" అన్నారు. నేను నా కాగితం బల్ల మీద ఆయన వైపు పెట్టాను. జేబులోంచి పెన్ను తీశారు. "ఎక్కడ పెట్టాలి?"

"ముందు చదవండి."

"ఏముందో నువ్వు చెప్పు, తల పగిలిపోతోంది."

"నేను చెప్పనండీ. మీరే చదవండి. ఎంతసేపైనా ఫర్వాలేదు."

ఆయన నావైపు చూశారు. నవ్వు ఒకటి తెచ్చుకోబోయారు, అది రాలేదు. లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు హడావిడిగా వచ్చింది. "ఉండరా, కళ్ళజోడు తెచ్చుకుని నేను చదివి చెప్తాను." ఆవిడ గుమ్మం దాకా వచ్చేశారు.

"వద్దత్తయ్యా. మీరు కూర్చోండి" అన్నాను. నేను గొంతు పెంచలేదు, కానీ ఆవిడ నిజంగానే కూర్చున్నారు.

మావారు కుర్చీ లాక్కున్నారు. కాగితం దగ్గరికి జరుపుకున్నారు. మొదటి మాట కింద చూపుడువేలు పెట్టారు. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. వేలు ముందుకి వెళ్ళింది, ఆగింది, ఒక మాట వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకి వెళ్ళింది. గిలక్కాయ రాయడం ఆపేసింది. కాగితాన్ని చూడటం లేదు, ఆ వేలినే చూస్తోంది. అలా ముందుకీ వెనక్కీ తడుముకునే వేలు ఆ ఇంట్లో అందరికంటే దానికే బాగా తెలుసు.

"నాన్నా, నీకు కూడా తిరిగిపోతాయా?" అంది.

"నోరుముయ్యవే, పెద్దవాళ్ళని అలా..." అంటూ అత్తయ్య లేవబోయారు. మావారు తలెత్తకుండానే రెండో చెయ్యి పైకెత్తి తల్లిని ఆపారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వేలు మాత్రం కాగితం మీంచి తియ్యలేదు.

"ఉండు గిలక్కాయా, మాట్లాడించకు" అన్నారు నెమ్మదిగా. "లైను తప్పిపోతుంది."

ఇన్నేళ్ళూ ఇలాంటి చోట నేను కాగితం అందుకుని చదివేసేదాన్ని. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను చేసిన తప్పు రెండో లైన్లో ఉంది. ఆయన వేలు అక్కడిదాకా వచ్చేవరకు కదలకుండా ఎదురుచూశాను.